సున్నా

కురుపాం మార్కెట్లో నా త్రాసు
ఊపిరి తగిలినా ఊగుతుంది.
తూకం చూసేటప్పుడు ఫ్యాను ఆపేస్తాను,
మాట కూడా ఆపేస్తాను.

అలాంటివాణ్ణి,
తొంభై దాటితే వణికే బండి కొన్నాను.
ఎర్ర బండి. రెండే సీట్లు.
కొచ్చికి బదిలీ అయిన నేవీ ఆయన అమ్మేశాడు.
మా ఆవిడ చుట్టూ ఓసారి తిరిగి చూసి
"కూరగాయల సంచీ ఎక్కడ పెడతారు?" అంది.
ఇంకేమీ అనలేదు.

భీమిలి రోడ్డులో, మంగమారిపేట దాటాక,
స్టీరింగు నా అరచేతుల్లో
దొరికిపోయిన పిచ్చుకలా కొట్టుకునేది.

ఆటోనగర్లో లోవరాజు జాకీ తియ్యకముందే
చక్రం పక్కన గొంతుక్కూర్చుని
బొటనవేలితో మట్టి తుడిచాడు.
నాలుగంకెలు బయటపడ్డాయి.
"పుట్టి ఏడేళ్లయిపోనాది ఆచారిగారూ.
వయసు సూడకుండా తెచ్చీసేరేటి?"
గాళ్లు లోతుగానే ఉన్నాయిగా అన్నాను.
గోరుతో నొక్కాడు. దిగలేదు.
"అరగనేదు. ఎండిపోనాది.
ఉప్పుగాలికి నిలబెట్టీసిన బండి మరి."

టైరు చెంప మీద సన్నటి పగుళ్లు,
ఉడికిన గుడ్డు పెంకు మీదలా.
రాళ్లలో మచ్చలు భూతద్దంతో వెతికేవాణ్ణి,
గురివింద సామెత గుర్తొచ్చి
నోరెత్తకుండా ఊరుకున్నాను.

రెండు రకాలు దించాడు.
ఒకటి గట్టిది. యాభై వేల కిలోమీటర్లు పోతుందట.
రెండోది మెత్తన, వేలు పెడితే పట్టుకుంటుంది.
అందులో సగం కూడా బతకదు,
కానీ తడి మలుపులో చెయ్యి వదలదట.

మేలిమి మెత్తన. నగకి నిలవదు.
రాగి కలిపితే గాని గట్టిపడదు.
ఇరవై ఆరేళ్లుగా కలుపుతూనే ఉన్నాను,
నిలవడం కోసం, పెట్టెల్లో నిలవుండడం కోసం.
కైలాసగిరి కింది మలుపు కళ్లముందుకొచ్చింది:
తారు మీద ఇసుక పొర, పైన అలల తుంపర.
"మెత్తనివే వెయ్యి" అన్నాను.
అన్నాక ధర అడిగాను.
ఇలా అడిగే ఆడవాళ్లని చూసి
నా కొట్లో ఎన్నిసార్లు నవ్వుకున్నానో.

ముందువి సన్నం, వెనకవి వెడల్పు.
పసుపు చుక్కని గాలి గొట్టం పక్కకి తెచ్చి
చక్రాన్ని మిషను మీద తిప్పాడు.
ఎర్ర అంకెలు వెలిగాయి.
సీసం బిళ్లలు పుటుక్కున తుంచి
రిమ్ము లోపల అతికించాడు.
మూడు చక్రాలు చెప్పిన మాట విన్నాయి.
నాలుగోది, యాభై ఐదు దగ్గర మొండికేసింది.

"సీసం అంటించీగల్ను. సున్నా వచ్చీసాది.
గానీ అది ఒప్పించడం కాదండి, నోరు నొక్కడం."
గాలి తీసి, టైరు ఊడదీసి,
రిమ్ము మీద అరచుట్టు తిప్పి మళ్లీ ఎక్కించాడు.
పదిహేను.
టైరు బరువూ రిమ్ము బరువూ
ఇన్నాళ్లూ ఒకే పక్కన కూర్చున్నాయట.
పసుపు చుక్క ఇప్పుడు ఉండాల్సిన చోట లేదు.
లోవరాజు దానికేసి చూడను కూడా లేదు.

పదిహేను గ్రాములంటే
రెండు కాసులకి ఒక్క గ్రాము తక్కువ.
ఆ సీసాన్ని అతను నొక్కుతుంటే
నేను అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టాను.
సున్నా. పక్కన ఇంకో సున్నా.
నా త్రాసు నిలబడితేనే నిజం చెబుతుంది.
ఇది గిర్రున తిరుగుతూ చెప్పింది.

పాత బిళ్ల ఒకటి జేబులో వేసుకొచ్చి
ఫ్యాను ఆపి తూచాను.
పది అని అచ్చు. తొమ్మిది పాయింట్ ఏడు తూగింది.
నా కొట్లో ఈ తేడాకి చొక్కాలు పట్టుకుంటారు.

ఆదివారం తెల్లవారుజామున మంగమారిపేట దాటాం.
తొంభై. తొంభై ఐదు.
చేతుల్లో పిచ్చుక లేదు.
అరచేతులు కాసేపు దాన్ని వెతుక్కున్నాయి.
ఒళ్లో బెండకాయల సంచీ పెట్టుకుని మా ఆవిడ,
"చప్పుడు లేదేంటి, పాడైందా?" అంది.